సమష్టి శోధకుడు – యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించారు. మెట్రిక్యులేషన్‌లో మూడవ ప్రయత్నానికి గాని ఉత్తీర్ణులు కాలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి ఎనిమిది రోజుల వ్యవధిలో స్ప్రూ వ్యాధికి బలయ్యారు. తిన్నది ఒంటబట్టక, రక్తం క్షీణించి మనిషి కృశించిపోయే జబ్బు అది. నాటి వైద్యుల వద్ద దానికి మందు లేదు.

కొంతకాలం మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో బోధించి, 1922లో భార్య శేషగిరిని స్వదేశంలోనే విడిచి అమెరికా చేరారు. మరల తిరిగి రాలేదు. పొట్ట గడవడానికి బోస్టన్‌లోని ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరిచే పనికి కుదిరారు. వైద్యపట్టా పొందిన వ్యక్తి చేసిన పని అది! పగలు హార్వర్డులో చదువు సాగించారు. 1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. 1929లో జీవకణాలకు శక్తినిచ్చే ఏ.టి.పి.ని వారిద్దరూ వెల్లడించారు.

1940లో లెడర్లే ప్రయోగశాలలో పరిశోధన బాధ్యతలు స్వీకరించాక ఆయన ప్రతిభ మరో రూపం దాల్చింది. కాలేయంలో అత్యల్ప పరిమాణంలో ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని పట్టుకోవడం ఒక శాస్త్రానికి లొంగే పని కాదు. రసాయన శాస్త్రజ్ఞుడు కాలేయ సారాన్ని భాగాలుగా వేరుచేసేవాడు. ఏ భాగంలో సూక్ష్మజీవులు చక్కగా పెరుగుతున్నాయో సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుడు పరీక్షించి చెప్పేవాడు. ఆ మాట విననిదే రసాయన శాస్త్రజ్ఞుడికి తరువాతి అడుగు తెలియదు. తయారైన పదార్థం రోగికి ఏ మేలు చేసిందో వైద్యుడే చెప్పాలి. వీరందరినీ సుబ్బారావు ఒక్క త్రాటిపై నడిపించారు. 1945లో ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణను ప్రకటించిన వ్యాసంపై 16 మంది పేర్లున్నాయి. బృందనాయకుడైన ఆయన పేరు ఏడవది!

టామ్ స్పైస్ మొదలైన వైద్యులు ఆ మందును స్ప్రూ రోగులకు ఇచ్చి సత్ఫలితాలు చూశారు. సోదరులను పొట్టనబెట్టుకున్న వ్యాధికి ఔషధం ఆ విధంగా దొరికింది, వారు పోయిన పాతికేళ్ళకు.

ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే అమినాప్టెరిన్‌ను ఇదే బృందం రూపొందించింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దానిని రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగిందని 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ ఆగస్టులోనే, 53 ఏళ్ళ వయసులో, సుబ్బారావు నిద్రలో కన్నుమూశారు.

బోదకాలుకు లెడర్లే బృందం 1947లో వెల్లడించిన డి.ఇ.సి. మందు మాత్రం మన పల్లెలకు నడిచి వచ్చింది. ఆ వ్యాధి ఉన్న ప్రాంతాలలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, ఎదుట నిలబడి మింగించే మాత్రలలో అదొకటి.