మారివోన్ డ్యుప్యురర్

1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లు పరుగెత్తిన స్త్రీలు సొమ్మసిల్లి పడిపోయారని పత్రికలు గోరంతలు కొండంతలు చేశాయి. పందెం ముగిశాక పురుషులు నేలకొరగరా? అయినా 1960 వరకు ఆ పరుగు ఒలింపిక్స్‌లో స్త్రీలకు దక్కలేదు.

ఆ ద్వారం తిరిగి తెరుచుకున్న తరంలోని క్రీడాకారిణి మారివోన్ డ్యుప్యురర్. ఫ్రాన్స్‌లోని సెన్‌బ్రియు పట్టణంలో 1937లో జన్మించి, వ్యాయామ ఉపాధ్యాయినిగా పనిచేసింది. 1964 టోక్యో ఒలింపిక్స్ సెమీఫైనల్‌లో 2 నిమిషాల 4.1 సెకన్లతో ఒలింపిక్ రికార్డు నెలకొల్పింది. ఫైనల్‌లో తొలి చుట్టు ముగిసేసరికి ఆమెదే అగ్రస్థానం. బ్రిటన్ యువతి ఆన్ పాకర్‌ది ఆరవ స్థానం. 800 మీటర్ల పందెం పాకర్‌కు దాదాపు కొత్త. అయినా గమ్యం కనుచూపుమేరలో ఉండగా మారివోన్‌ను దాటి, 2 నిమిషాల 1.1 సెకన్లలో ప్రపంచ రికార్డు సాధించింది. ఆ రికార్డులో, ముందుండి వేగాన్ని నిర్దేశించిన మారివోన్ శ్రమకూ భాగముంది. ఆమెకు దక్కినది రజతం, వ్యవధి 0.8 సెకను. 2008లో ఆమె కన్నుమూసింది.