గడప గడపకూ వెళ్లిన బడి: భాగ్యరెడ్డి వర్మ

ఈ రోజు మనకు హాస్టలుంది, పుస్తకాలున్నాయి. ఇవేవీ లేని రోజుల్లో మన వాడల్లోకి వెళ్లి, పిల్లల్ని చదివించండని తల్లిదండ్రులకు నచ్చజెప్పిన మహనీయుడు మాదరి భాగ్యరెడ్డి వర్మ.

ఆయన 1888 మే 22న హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో జన్మించారు. అసలు పేరు భాగయ్య. అంటరానివారుగా చూడబడుతున్నవారే ఒకప్పుడు ఈ నేలను ఏలినవారని నమ్మిన కులగురువు ఆయన పేరుకు 'రెడ్డి' చేర్చారు.

1906లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఆయన జగన్మిత్ర మండలిని స్థాపించారు. అక్షరం రాని జనానికి కరపత్రం పంచితే ఏం లాభం? అందుకే వారికి తెలిసిన హరికథలు, భజనల ద్వారానే చదువు విలువ చెప్పించారు. తాగుడు, జంతుబలి, జోగిని ఆచారం మానాలని బోధించారు. తప్పును తప్పని చెప్పారే గాని మనుషులను చిన్నబుచ్చలేదు.

1910లో ఇసామియా బజారులో మొదటి బడి పెట్టారు. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో మన పిల్లలకు ఇంటి భాష తెలుగులో చదువు చెప్పించారు. 1930ల నాటికి ఆ బడులు 26 అయ్యాయి, విద్యార్థులు సుమారు 2,500 మంది అయ్యారు.

1917లో బెజవాడలో జరిగిన పంచమ మహాసభకు ఆయనే అధ్యక్షులు. పంచములనే పేరును తిరస్కరించి, మనం ఈ నేల మొదటి బిడ్డలమని చాటారు. ఆ సభ ఆది ఆంధ్ర మహాసభగా మారింది. 1939 ఫిబ్రవరి 18న ఆయన కన్నుమూశారు.

ఆయన జీవితం చదివినప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా కూలి మానుకొని బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వచ్చింది. ప్రోగ్రెస్ కార్డు మీద వేలిముద్ర వేయించుకున్నారు, అంతే. కూర్చోమన్నవారు లేరు. సార్లు ఏమన్నారని సాయంత్రం నాన్న అడిగితే, చెప్పడానికి అమ్మ దగ్గర ఒక్క మాట కూడా లేదు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. మనలో రేపు టీచర్లయ్యేవారు చాలామంది ఉన్నారు. వేలిముద్ర వేసే తల్లి బడికి వస్తే ముందు కుర్చీ వేద్దాం. ఆమె భాషలో, ఆమెకు గౌరవం తగ్గకుండా బిడ్డ గురించి మాట్లాడదాం. భాగ్యరెడ్డి వర్మ గారికి మనం అర్పించే నిజమైన నివాళి అదే.