నాన్న లెక్కలు, కూతురి కవితలు

సరోజినీ నాయుడు పేరు చెప్పగానే మనకి భారత కోకిల అన్న బిరుదు, ఉప్పు సత్యాగ్రహం, స్వతంత్ర భారతంలో తొలి మహిళా గవర్నరు అన్న మాటలు గుర్తుకొస్తాయి. చిన్నప్పుడు స్కూలు పుస్తకాల్లో చదువుకున్నది దాదాపు అంతే. ఆ కోకిల పాడటానికి ముందు పుస్తకాల చెట్టు నాటి నీళ్ళు పోసిన తండ్రి ఒకాయన ఉన్నారు. ఈ దేశంలో ఆడపిల్లల్ని పెంచుకుంటున్న మనబోటివారు తెలుసుకోవలసిన కథ ఆయనది.

ఆయన పేరు అఘోరనాథ్ ఛటోపాధ్యాయ. బెంగాలీ. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చదివి, డి.ఎస్సీ. పట్టంతో స్వదేశం వెళ్ళి, నిజాం కొలువులో హైదరాబాదులో స్థిరపడ్డారు. నిజాం కాలేజీకి పునాది వేసినవారిలో ముఖ్యులు. తల్లి వరదసుందరీ దేవి బెంగాలీలో పాటలు రాసేవారు. 1879 ఫిబ్రవరి 13న పుట్టిన సరోజిని వారి ఎనిమిదిమంది సంతానంలో పెద్దది. అంటే ఆమె కూడా మన పిల్లల్లాగే, అమ్మానాన్నల సొంత ఊరు కాని ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్ల!

తొమ్మిదేళ్ళప్పుడు ఇంగ్లీషు మాట్లాడనని మొండికేస్తే తండ్రి ఒక రోజంతా గదిలో ఉంచి తలుపు వేశారట. బయటికి వచ్చాక ఆ పిల్ల తండ్రితో ఇంగ్లీషులోనే మాట్లాడేది. తల్లి మాత్రం హిందుస్తానీలోనే పలకరించేది. మన ఇళ్ళలో వ్యవహారం దీనికి తలకిందులు. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు వస్తుంది. అలాగని తలుపులు వేస్తే ఇక్కడి సోషల్ సర్వీసెస్ వాళ్ళు ఊరుకోరు లెండి!

అఘోరనాథ్‌గారికి కూతుర్ని గణితంలోనో సైన్సులోనో పండితురాల్ని చెయ్యాలని గట్టి కోరిక. పదకొండేళ్ళ వయసులో ఒక ఆల్జీబ్రా లెక్క ఎంతకీ తెమలక కూర్చున్న సరోజినికి లెక్కకు బదులు ఒక కవిత తట్టింది. అక్కడినుంచి దారి మారిపోయింది. చదువులో వెనకబడిందనుకునేరు, పన్నెండేళ్ళకే మద్రాసు విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ ప్యాసైంది. పదమూడో ఏట ఆరు రోజుల్లో 1300 పంక్తుల కావ్యం రాసింది. ఆరోగ్యం పాడై రెగ్యులర్ చదువు ఆగినా చదవడం ఆగలేదు. తన చదువులో చాలా భాగం పద్నాలుగు, పదహారేళ్ళ మధ్య సాగిందని ఆమే తరువాత చెప్పుకుంది. మరి తన ఆశ తీరని తండ్రి ఏం చేశారు? ఆ పద్యాల్ని తన ఖర్చుతో అచ్చు వేయించారు.

1895లో నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో పదహారేళ్ళ సరోజిని ఇంగ్లండు వచ్చింది. లండన్ కింగ్స్ కాలేజీలోను, కేంబ్రిడ్జి గిర్టన్ కాలేజీలోను చదివింది. ఆడవాళ్ళు పరీక్షలు ప్యాసైనా కేంబ్రిడ్జి పూర్తి డిగ్రీ ఇవ్వని రోజులవి. ఆ హక్కు వారికి 1948లో గాని రాలేదు. ఇక్కడ విమర్శకుడు ఎడ్మండ్ గాస్ ఆమె కవితలు చూసి, ఇంగ్లీషు పిట్టల్నీ పువ్వుల్నీ పక్కనపెట్టి తన దేశం గురించి రాయమని హితవు చెప్పాడు. ఆమె ఆ మాట విన్నది.

1898లో హైదరాబాదు తిరిగి వెళ్ళి, డిగ్రీ లేకుండానే, తాను మనసిచ్చిన డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడుగారిని పెళ్ళాడింది. ఆ కులాంతర వివాహం మద్రాసులో మన కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఆధ్వర్యంలో జరిగింది. బెంగాలీ ఇంటి ఆడపడుచు అలా తెలుగింటి కోడలైంది.

1905లో ఆమె తొలి సంపుటి 'ది గోల్డెన్ థ్రెషోల్డ్' లండన్‌లో వెలువడింది. అంటే బంగారు గడప. హైదరాబాదులో ఆ కుటుంబం ఇంటికీ అదే పేరు నిలిచింది. 1974లో ఏర్పడిన హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ మొదట నడిచింది ఆ ఇంట్లోనే. 1915లో తండ్రి కన్నుమూశారు. 1917లో వచ్చిన 'ది బ్రోకెన్ వింగ్'లో ఆయనకు నమస్కరిస్తూ రాసిన కవిత ఉంది. 1949లో సరోజిని కన్నుమూశాక, అచ్చుకాని ఆమె కవితల్ని కూతురు పద్మజా నాయుడు 1961లో పుస్తకంగా తెచ్చారు. ఒకప్పుడు తండ్రి కూతురికి చేసిన పనిని ఇప్పుడు కూతురు తల్లికి చేసింది.

నేను కోడ్ రాసి పొట్టపోసుకునే ఇంజనీరుని. మా ఇంట్లోనూ పదిహేనేళ్ళ పుస్తకాల పురుగు ఒకతి ఉంది. శనివారం లైబ్రరీనుంచి సంచీడు తెస్తే మంగళవారానికి సంచీ ఖాళీ. నిన్నమొన్నటిదాకా నేను చదివి వినిపిస్తే నిద్రపోయిన పిల్ల, ఇప్పుడు నాకు తెలియని రచయితల గురించి నాకే చెబుతోంది. అంతకన్నా సంబరం ఏముంటుంది? వచ్చే ఏడు ఎ లెవెల్స్. మేథ్సా, ఇంగ్లీష్ లిటరేచరా అన్న చర్చ రోజూ భోజనాల దగ్గర నడుస్తోంది. ఈ హాల్లో ఉన్న ఎన్నో ఇళ్ళలో ఇదే చర్చ అని నాకు తెలుసు.

అఘోరనాథ్‌గారికి శాస్త్రవేత్త కూతురు దక్కలేదు. ఇంటినిండా పుస్తకాలు, పండితులు, మాటలు ఉంచింది మాత్రం ఆయనే. అవి అందించాక, వాటితో ఏం చెయ్యాలన్నది పిల్ల నిర్ణయానికి వదిలారు. గడప దాకా చెయ్యి పట్టుకుని నడిపించడమే మన వంతు. దాటాక ఎటు వెళ్ళాలన్నది వాళ్ళ ఇష్టం.