పల్లె మాటకు పీట వేసిన బ్రౌన్ దొర

పులివెందుల: పల్లెటూరి వారి తెలుగు తప్పుల తడక అని పండితులు ఈసడించిన కాలంలో, ఆ మాటలనే నిఘంటువుకెక్కించిన మహనీయుడు ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఆయన 1798లో కలకత్తాలో జన్మించారు. 1820లో కడప కలెక్టరు హాన్‌బరీ వద్ద సహాయకుడుగా చేరారు.

కచేరీలో రైతులు చెప్పుకునే మొర ఒక రకం తెలుగు, పండితులు నేర్పే కావ్యభాష మరొక రకం. మొర అర్థం కానిదే న్యాయం చేయడం ఎట్లా? అందుకే బ్రౌన్ రెండూ నేర్చారు. పండితులు పట్టించుకోని వేమన పద్యాలను తాళపత్రాల నుంచి సేకరించి, 1829లో 693 పద్యాలను అచ్చు వేయించారు. కడపలో సొంత డబ్బుతో బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి పాత గ్రంథాలను పరిష్కరింపజేశారు. ఇందుకోసం అప్పులపాలు కూడా అయ్యారు.

1840లో వ్యాకరణం, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువరించారు. అందులో కావ్యాల మాటతోపాటు వాడుక మాటకూ చోటిచ్చారు. కచేరీల్లో వాడే ఉర్దూ, పారశీక పదాలకు 1854లో మిశ్రభాషా నిఘంటువు తెచ్చారు.

చేసెదను అనడమే ఒప్పు, చేస్తాను అంటే గ్రామ్యం అన్నది పండితుల కట్టడి. అయితే నేను చేస్తాడు అని మన పల్లెల్లో ఎవరూ అనరు. అంటే పల్లె మాటకూ కట్టుబాటు ఉంది. అది పుస్తకానికి ఎక్కలేదు, అంతే. పుస్తకంలోని సూత్రాన్ని మీరిన మాటంతా తప్పు కాదని బ్రౌన్ కృషి వల్ల తేలింది.

అయినా 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణం వచ్చాక బడి పుస్తకాల్లో గ్రాంథికమే నిలిచింది. ఇంట్లో మాట్లాడే తెలుగు బడిలో రాస్తే తప్పయింది. తరువాతి కాలంలో గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడవలసి వచ్చింది.

స్వదేశం వెళ్ళాక కూడా బ్రౌన్ లండన్ విశ్వవిద్యాలయ కళాశాలలో తెలుగు బోధించారు. 1884లో లండన్‌లో కన్నుమూశారు. కడప ఎర్రముక్కపల్లిలో ఆయన బంగళా ఉన్న చోటనే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో బ్రౌన్ గ్రంథాలయం వెలసింది. కడపకు పనిమీద వెళ్ళే మన ప్రాంతం వారు, ముఖ్యంగా విద్యార్థులు, ఒకసారి చూసి రాదగినది.