నక్షత్ర దీపం కొండెక్కితే?

దీపావళి, కార్తీక మాసం వచ్చాయంటే సల్వాలోని మన ఫ్లాట్ల బాల్కనీల్లోనూ ప్రమిదలు వెలుగుతాయి. నూనె అయిపోతే దీపం ఆరిపోయిందని మన పెద్దలు అనరు, కొండెక్కిందంటారు. మరి ఆకాశంలో వెలిగే నక్షత్ర దీపాలకు నూనె అయిపోతే ఏమవుతుంది? 19 ఏళ్ల వయసులో, ఓడలో కూర్చుని ఆ లెక్క కట్టిన మహనీయుని కథ ఇది.

సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1910 అక్టోబర్ 19న లాహోర్‌లో పుట్టారు. తండ్రి సుబ్రహ్మణ్య అయ్యర్ గారు రైల్వే ఆడిట్ శాఖలో అధికారి. వారిది తమిళ కుటుంబమే అయినా మన విశాఖపట్నంతో అనుబంధం ఉంది. చంద్రశేఖర్ తాతగారు అక్కడి ఎ.వి.ఎన్. కళాశాలలో గణితం, భౌతికశాస్త్రం బోధించారు. బాబాయి సర్ సి.వి. రామన్ చిన్నతనం విశాఖలోనే గడిచింది. ఆ కళాశాల ఎవరి పేరు మీద ఉందో ఆ అంకితం వెంకట నరసింగరావు గారు కూడా సొంత వేధశాల నడిపి, ఆకాశాన్ని పరిశీలించినవారే.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువు పూర్తయ్యేసరికి కేంబ్రిడ్జ్ వెళ్లడానికి ప్రభుత్వ ఉపకార వేతనం వచ్చింది. అప్పటికి తల్లి సీతాలక్ష్మి గారికి తీవ్రమైన అనారోగ్యం. ఈ స్థితిలో కొడుకు వెళ్లడమేమిటని అయినవాళ్లు అన్నారు. వెళ్లాల్సిందేనని పట్టుబట్టింది ఆ తల్లే. 1930 జులై 31న ఆయన బొంబాయిలో ఓడ ఎక్కారు. మరుసటి ఏడాది మే నెలలో ఆమె కన్నుమూశారు. కొడుకు దగ్గర లేడు. గల్ఫ్‌లో ఉన్న మనకు ఆ బాధ ఎలాంటిదో ఒకరు విడమరచి చెప్పనక్కరలేదు.

మనం విమానంలో కొద్ది గంటల్లో దాటే అరేబియా సముద్రం మీదుగా సాగిన ఆ ఓడ ప్రయాణంలో ఆయన లెక్కలు మొదలుపెట్టారు. నక్షత్రంలో హైడ్రోజన్ హీలియంగా మారుతూ వేడినీ వెలుగునూ ఇస్తుంది. ఆ వేడి బయటికి నెడుతుంటే, సొంత బరువు లోపలికి లాగుతుంది. ఇంధనం అయిపోయాక సూర్యుడి వంటి నక్షత్రం చివరికి భూమి అంత పరిమాణానికి కుంచించుకుపోయి, శ్వేత కుబ్జంగా మిగులుతుంది. అన్ని నక్షత్రాలకూ ఇదే గతి అని అప్పటి పండితులు అనుకునేవారు. మిగిలిన ద్రవ్యం ఒక హద్దు దాటితే అది అక్కడ ఆగదని, ఇంకా కుంగిపోతూనే ఉంటుందని చంద్రశేఖర్ లెక్క చెప్పింది. ఆ హద్దు సూర్యుడి ద్రవ్యరాశికి సుమారు 1.4 రెట్లు.

1935 జనవరి 11న లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభలో, ఆనాటి మహా శాస్త్రవేత్త ఎడింగ్టన్ ఈ మాటను అందరి ముందూ ఎగతాళి చేశారు. లెక్క సరైనదేనని తెలిసిన పెద్దలు కూడా పైకి మాట్లాడలేదు. చంద్రశేఖర్ మనసు నొచ్చుకున్నారు గాని ఎడింగ్టన్‌తో స్నేహం తెంచుకోలేదు. 1936లో ప్రెసిడెన్సీ కళాశాలలో చదివినప్పటి నుంచి తెలిసిన లలిత గారిని పెళ్లాడి, 1937లో అమెరికా వెళ్లి షికాగో విశ్వవిద్యాలయంలో చేరారు. 1939లో తన పరిశోధనను పుస్తకంగా ప్రచురించి, మరో విషయం చేపట్టారు. జీవితమంతా అలాగే ఒక్కో విషయాన్ని సాధించి ముందుకు సాగారు.

కాలం ఆయన లెక్కను నిలబెట్టింది. హద్దు దాటినవి న్యూట్రాన్ తారలుగానో కృష్ణ బిలాలుగానో మారతాయని నేడు తెలుసు. పేలిపోయిన నక్షత్రాలు చల్లిన ద్రవ్యం నుంచే కొత్త నక్షత్రాలు, గ్రహాలు ఏర్పడతాయి. మన రక్తంలోని ఇనుము కూడా అలా వచ్చిందే. పక్క నక్షత్రం నుంచి ద్రవ్యం లాక్కుని ఆ హద్దును సమీపించిన శ్వేత కుబ్జాలు పేలతాయి. అలాంటి పేలుళ్ల వెలుగును కొలిచే, సుమారు 1380 కోట్ల ఏళ్ల మన విశ్వం నానాటికీ మరింత వేగంగా విస్తరిస్తోందని 1998లో కనుగొన్నారు.

1983 అక్టోబర్ 19న, సరిగ్గా ఆయన 73వ పుట్టినరోజు నాడు, నోబెల్ బహుమతి ప్రకటించారు. ఓడలో లెక్క కట్టి అప్పటికి 53 ఏళ్లు! 1995 ఆగస్టు 21న ఆయన షికాగోలో కన్నుమూశారు. 1999లో నాసా పంపిన ఎక్స్‌రే టెలిస్కోపుకు చంద్ర అని ఆయన పేరే పెట్టారు.

ఈ చలికాలం ఎడారి గుడారాలకు వెళ్లినప్పుడు పిల్లలకు ఆకాశం చూపించండి. వరుసగా ఉన్న మూడు చుక్కల దిక్కునే కిందికి చూస్తే, అన్నిటికన్నా ప్రకాశంగా సిరియస్ కనిపిస్తుంది. దాని పక్కనే మన కంటికి ఆనని ఒక శ్వేత కుబ్జం ఉంది. దాన్ని చెబుతూ, కొడుకును ఓడ ఎక్కించిన ఆ తల్లి కథ కూడా చెప్పండి.