హైదరాబాదు ప్రథమ మేయర్ మాడపాటి హనుమంతరావు పంతులు గారు

పదవి వలన పేరు పొందినవారు పలువురు. పదవి రాకముందే నలభై ఏండ్లు ప్రజలకు ఊడిగము చేసి, ఆ తరువాత పదవికి గౌరవము తెచ్చినవారు కొందరే. శ్రీ మాడపాటి హనుమంతరావు పంతులు గారు ఈ రెండవ కోవకు చెందినవారు. వారి జీవితమును మన సంఘ సభ్యులు, ముఖ్యముగా యువతీయువకులు, తెలిసికొనుట మేలని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పంతులు గారు 1885 జనవరి 22న నాటి కృష్ణా జిల్లా నందిగామ తాలూకా ఎర్రుపాలెములో జన్మించారు. బాల్యము సూర్యాపేటలో మేనమామల ఇంట గడిచింది. హనుమకొండలో చదువుకొని అక్కడనే చిన్న ఉద్యోగములో చేరారు. ఆనాడు నైజాం రాజ్యములో కచేరీ భాష, బడి భాష ఉర్దూ. వారు ఉర్దూ, ఫారసీలలో గట్టివారై ఉర్దూ పత్రికలకు సైతము వ్యాసములు వ్రాశారు. ప్రేమ్‌చంద్ కథలను తెలుగులోనికి తెచ్చారు. తరువాత వకీలై హైదరాబాదులో స్థిరపడ్డారు. ఉర్దూ మీద వారికి ద్వేషము లేదు. తెలుగువాడు తన ఇంటి మాటకు సిగ్గుపడవలసి వచ్చుటయే వారికి బాధ.

ఆ బాధకు 1921 నవంబరులో ఒక సందర్భము కలిగింది. హైదరాబాదు వివేకవర్ధనిలో సంఘసంస్కరణ సభ జరుగుచుండగా అల్లంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోయారు. సభలోని కొందరు గేలిచేసి ఆయనను సాగనీయలేదు. అక్కడి తెలుగువారు ఆ అవమానమును దిగమ్రింగి ఊరకుండలేదు. వెంటనే ఆంధ్ర జన సంఘమును స్థాపించారు. దాని కార్యదర్శిత్వమును పంతులు గారు భుజాన వేసికొన్నారు. ఊరూర గ్రంథాలయములు, పఠన మందిరములు నెలకొల్పుట ఆ సంఘము చేపట్టిన పనులలో ముఖ్యమైనది.

వెట్టిచాకిరి సంగతి మన పెద్దలు చెప్పగా విన్నదే. అధికారి ఊరికి వచ్చెనా, మూటలు మోయుటకు మనుషులు, కూటికి కోళ్లు, మేకలు ఊరివారే ఇయ్యవలె. కూలి లేదు, వెల లేదు. ఆ మూటలు మోసినవారిలో మన తాతముత్తాతలును ఉన్నారు. వెట్టిని కట్టడి చేయు సర్కారు ఉత్తరువులు కొన్ని ఉన్నను, అవి పల్లెవానికి తెలియవు. పంతులు గారు, వారి సహచరులు ఆ సంగతులను తెలుగులో చిన్న పుస్తకములుగా అచ్చువేసి పంచారు. తన హక్కు తనకు తెలిసినప్పుడే మనిషి తల ఎత్తగలడు గదా!

సభ పెట్టుటకు సర్కారు అనుమతి కావలసిన రోజులవి. అట్టి కాలములో 1930 మార్చిలో మన మెతుకుసీమలోని జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. 1935లో సిరిసిల్లలో జరిగిన నాల్గవ మహాసభకు పంతులు గారే అధ్యక్షులు. మన చంద్లాపూర్‌కు సిరిసిల్ల ఎంతో దూరము కాదు. ఆ ఉద్యమము మన ముంగిటిలోనే నడిచిందని మరువరాదు.

స్త్రీవిద్య వారికి ప్రాణము. 1928లో హైదరాబాదు నారాయణగూడలో తెలుగు మాధ్యమముగా బాలికల పాఠశాలను నెలకొల్పారు. ఇక్కడ తెలుగు చదువుకు గుర్తింపు దొరకనందున పూనాలోని కార్వే గారి మహిళా విశ్వవిద్యాలయముతో దానికి సంబంధము కలిపి నడిపారు.

పంతులు గారు మితవాదులు. అర్జీ, చర్చ, చట్టము ఇవి వారి ఆయుధములు. ఆ నడక చాల మెల్లనిదని యువకులు అసంతృప్తి చెందారు. 1944లో భువనగిరి సభ నాటికి మహాసభ రెండుగా చీలింది. ఆకలిగొన్న రైతుకూలీకి ఓపిక పట్టుమనుట కష్టమే. ఆ విమర్శను కాదనలేము. అయినను తరువాత వచ్చినవారు నిలిచి మాట్లాడిన వేదికను కట్టినవారిలో పంతులు గారు ముందువరుసలోనివారని ఒప్పుకొనక తప్పదు.

1951లో ఎన్నికలు జరిగి హైదరాబాదు నగరమునకు ప్రథమ మేయరుగా పంతులు గారు ఎన్నికయ్యారు. అప్పటికి వారికి అరువదియారేండ్లు. తెలుగు మాట్లాడినందుకు గేలి జరిగిన నగరమే ముప్పది ఏండ్లకు ఒక తెలుగు సేవకుని ప్రథమ పౌరునిగా కూర్చుండబెట్టుకొన్నది! 1954 వరకు ఆ బాధ్యత వహించారు. ఉర్దూ, తెలుగు రెండును తనవిగా ఎంచిన మనిషి గనుక అన్ని మతముల, భాషల వారున్న ఆ నగరమునకు తగిన పెద్దగా నిలిచారు. 1955లో భారత ప్రభుత్వము పద్మభూషణ బిరుదముతో సత్కరించింది. 1958 నుండి 1964 వరకు ఆంధ్రప్రదేశ్ శాసనమండలి అధ్యక్షులుగా ఉన్నారు. 1970 నవంబరు 11న కన్నుమూశారు. ప్రజలు వారిని ఆంధ్ర పితామహుడని పిలుచుకొన్నారు.

నేడు మన బిడ్డలు తెలుగులో చదువుట, ఊరి సభలో లేచి తెలుగులో మాట్లాడుట వింతగా తోచదు. అది వింత కాకుండుటకు ఒక తరము పాటుపడింది. పంతులు గారి పేరు తలచుకొనుట మంచిదే. ఊరిలో ఒక పఠన మందిరమును నిలుపుట, ఒక ఆడపిల్ల చదువు ఆగకుండ చూచుట అంతకంటె మంచిది. అందుకు మనమందరము పూనుకొందుము గాక.