వేరు వేరు గదులలో ఒకే వాక్యము

ధ్యానభాగము: 1 కొరింథీయులకు 1:26–29



గడచిన యేడాదిలో మన సంఘములలోని చిన్న కుటుంబములు కొన్ని ఊరు విడిచి హైదరాబాదు చేరినవి. మూటాముల్లెతో నాంపల్లి స్టేషనులో దిగి, బషీర్‌బాగ్ ప్రాంతమున అద్దెగది చూచుకొని, క్రొత్త పని, క్రొత్త ఇరుగుపొరుగు, బిడ్డలకు క్రొత్త బడి వెదకుకొనిన వారున్నారు. అట్టివారు సంవత్సరాంతమున వెనుదిరిగి చూచుకొనునప్పుడు, ఎంత మార్పు వచ్చినదని లెక్కించుట సులభము. ఆ మార్పులో మనము ఎవరి మాట వింటిమి అను ప్రశ్న కష్టమైనది. దూరదేశమునుండి మన మధ్యకు వచ్చిన ఒక చిన్న కుటుంబమునకు ఈ ప్రశ్నయే ఎదురయ్యెను.

జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు 1836లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించిరి. యౌవనమున భూములు కొలుచు సర్వే పని చేసిరి. పిమ్మట న్యాయవాది కావలెనను కోరికతో కళాశాలలో చేరి, అచ్చటనే క్రీస్తును అంగీకరించిరి. 1861లో హారియెట్ అమ్మగారిని వివాహమాడిరి. 1864 నవంబరులో బోస్టను రేవున ఓడ యెక్కి, 1865 ఏప్రిలులో మద్రాసున దిగిరి. అనారోగ్యముచే స్వదేశము వెళ్లి మరల తిరిగి వచ్చుచున్న జూవెట్ దొరగారు ఆ ప్రయాణములో వారితో ఉండిరి. ఈ జూవెట్ దొరగారే 1854 జనవరి 1న తెల్లవారుజామున మరి నలుగురితో కలిసి ఒంగోలు కొండ యెక్కి, ఆ ఊరికి ఒక సేవకుని పంపుమని ప్రార్థించిన భక్తుడు.

నెల్లూరిలో తెలుగు నేర్చుకొని, 1866 సెప్టెంబరులో క్లౌ కుటుంబము ఒంగోలు చేరెను. అప్పటికి దొరగారి వయస్సు ముప్పది సంవత్సరములు. కాపురము క్రొత్త, భాష క్రొత్త, ఎండలు క్రొత్త. ఆ యేడాది మార్చిలోనే తోళ్ల వర్తకుడైన ఎర్రగుంట్ల పేరయ్యగారును, ఆయన భార్యయు బాప్తిస్మము పొంది, తమ మాదిగ బంధువులుండు పల్లెలలో ఊరూరా సువార్త చెప్పుచుండిరి.

ఒంగోలులో పెద్ద కులముల వారు దొరగారిని ఆదరించి తమ కుమారులను బడికి పంపిరి. ముందుగా వీరు విశ్వసించినయెడల ఊరంతయు వెంట వచ్చునని ఆశ కలిగెను. ఇంతలో మాదిగ సహోదరులు కొందరు వచ్చి బాప్తిస్మము కోరిరి. వారిని చేర్చుకొన్నయెడల మేము రాము, మా పిల్లలును రారు అని పెద్దలు స్పష్టముగా తెలిపిరి.

ఆ యువ దంపతులకు నిజముగా కలత కలిగెను. దొరగారు తమ గదికి వెళ్లి బైబిలు తెరువగా కొరింథీ పత్రికలోని మొదటి అధ్యాయము కనబడెను. లోకము వెఱ్ఱివారనియు, బలహీనులనియు, నీచులనియు ఎంచిన వారినే దేవుడు ఏర్పరచుకొనెనను భాగమది. మరియొక గదిలో అమ్మగారును లేఖనము తెరచిరి. ఆమె చదివినదానిని చూపుటకు భర్తయొద్దకు రాగా, ఇద్దరి యెదుటను ఉన్నది ఒకే వచనము! వారు మాదిగ సహోదరులను చేర్చుకొనిరి. పెద్ద కులముల బాలురు వెళ్లిపోయిరి.

1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘము స్థాపింపబడెను. అదే నెలలో పేరయ్యగారి పిలుపుపై దొరగారు తాళ్లకొండపాడు వెళ్లగా, పల్లెలవారు దినముల కొలది ఉండుటకు అన్నము మూటలు కట్టుకొని వచ్చిరి. అచ్చట 28 మంది బాప్తిస్మము పొందిరి.

1876–78 నాటి ఘోర కరువులో దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టుకు తీసుకొని, ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించిరి. అయితే కూలికొరకు క్రైస్తవులైరను మాట రాకుండునట్లు, ఆ పనులు ముగియువరకు బాప్తిస్మములు ఆపివేసిరి. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అమ్మగారు 1893లోను, దొరగారు 1910లోను ప్రభువునందు నిద్రించిరి.

ప్రియులారా, ఈ చరిత్ర విని బైబిలును చీటీ తీసినట్లు తెరువరాదు. వారు పొందిన వాక్యము వారికి లాభమైనది కాదు, నష్టము తెచ్చినది. నిండిన బడి ఖాళీ అయ్యెను. సుఖమైన మార్గమును విడువుమని చెప్పినను ఆ మాట వినుటయే విధేయత.

మనలో అనేకుల తాతముత్తాతలు అట్లు చేర్చుకొనబడినవారే. అయినను నేడు మన ఆరాధనలో ఎవరు ముందు కూర్చుందురు, ఎవరు గుమ్మమువద్ద నిలుతురు? మన కూలివాడు మన ప్రక్కన ప్రభురాత్రి భోజనము తీసుకొనునా? పట్టణమునకు వెళ్లిన మన బిడ్డలు గొప్పవారి స్నేహముకొరకు తమ పల్లెను, తమ వారిని దాచుచున్నారా?

ఈ రాత్రి భార్యాభర్తలు వేరువేరుగా 1 కొరింథీ 1:26–29 చదువుడి. పిమ్మట ఒకచోట కూర్చుండి, ఈ యేడాది మన గుమ్మమునొద్దకు ప్రభువు ఎవరిని పంపెను, మనము వారిని ఏమి చేసితిమి అని ఒకరినొకరు అడుగుకొనుడి. ఆ మాటలే మీ కుటుంబ ప్రార్థన యగును గాక. ఆమేన్.